అడగని భిక్ష

ఏడో లాకు పుస్తకం

రోజు 1,791. గేజి: ఆరడుగుల రెండంగుళాలు. గాలి: తూర్పు, మామూలు. నీళ్ళ వంతు: పెమ్మాడి వారి కోడలు.

రోజుల లెక్క నా వేలు పోయిన నాటి నుంచి. వేలు నరికేశారని ఎవరూ బెంగపడక్కర్లేదు, అది చేతికే ఉంది. పోయింది దాని ముద్ర. జలపాలక మండలి నా బొటనవేలి ముద్రను రద్దు చేసింది. తలుపు, కొళాయి, పడవ, దుకాణం, ఆస్పత్రి అన్నీ వేలితోనే తెరుచుకుంటాయి కనుక నాకు ఏదీ తెరుచుకోదు. ఇంటి తలుపు ఊడబీకి తాటాకు తడిక కట్టుకున్నాను. పడవ బదులు పాత దోనె తెడ్డేసుకుంటూ తిరుగుతున్నాను. కొళాయి ఒక్కదాన్నే ఏం చేయలేకపోయాను. అందుకు లంకల వాళ్ళు వంతులేసుకున్నారు. రోజుకొకరు పొద్దున్నే వచ్చి నా కొళాయి మీద వాళ్ళ వేలు పెట్టి రెండు బిందెలు నింపి వెళ్తారు. ఐదేళ్ళుగా ఒక్క రోజు వంతు తప్పలేదు.

నా పేరు కామాడి వీరవేణి. ఏడో లాకు లస్కరుని, అంటే తలుపులెత్తి దించే మనిషిని. ఉద్యోగం పీకేసినా గేజి చూసి నీటిమట్టం రాయడం మానలేదు. లాకు పుస్తకంలో కొట్టివేతలు ఉండవు. తప్పు రాస్తే అది అలాగే ఉంచి, కింద ఎర్ర సిరాతో సరైనది రాయాలి. మా తాత నాటి నుంచీ ఇదే పద్ధతి.

ఇప్పుడు లాకులన్నీ నడిపేది గుమాస్తా. మండలి వాళ్ళు ఆ యంత్రానికి మూరెడు పేరు పెట్టుకున్నారు గానీ, పైవాడు చెప్పింది రాసుకోవడం తప్ప సొంత బుర్ర లేదు కనుక మేం గుమాస్తా అనే అంటాం. ఐదేళ్ళ కింద జాజి తుపానులో అది ఏడో లాకు తలుపులు దించేసింది. తలుపులెత్తితే గోదారి వరద కాలవలోకి తిరిగి మండలి విత్తన క్షేత్రం మీదికి పోతుంది. దించితే ఎదురుతన్ని మూడు లంకల మీదికి ఎక్కుతుంది. లంకల్లో నాలుగు వేల మంది ఉన్నారు. నేనూ, నా తోటి లస్కరు అబ్బులు బాబాయీ చేతి చక్రం తిప్పి తలుపులెత్తేశాం. విత్తనాలు పోయాయి, మనుషులు మిగిలారు, మా ఇద్దరికీ శిక్ష పడింది.

ఇవాళ మైకు పడవ వచ్చింది. మండలి పెట్టి ఇరవై ఐదేళ్ళయిన సందర్భంగా దయతో క్షమాభిక్ష ప్రసాదిస్తున్నారట. జాబితాలో నా పేరు మొదట చదివారు. పెమ్మాడి వారి కోడలు బిందె అక్కడే పెట్టేసి "పిన్నీ, నీ పేరే!" అని చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నేనెప్పుడు అడిగాను?

రోజు 1,793. గేజి: ఆరడుగుల ఐదు. గాలి: లేదు. నీళ్ళ వంతు: వడ్రంగి గవర్రాజు.

నా కూతురు హిమజ వచ్చింది. మండలి బడిలో టీచరు. ఎనిమిదో నెల నిండుతోంది. పడవ దిగుతుంటే నడుం పట్టుకుని ఉస్సురంది. సొరచేప పిట్టు చేసి పెట్టాను. మూడు ముద్దలు తిని సంచిలోంచి కాగితం తీసింది.

"చదవకముందే తిట్టకు," అంది.

చదివాను. 'నేను చేసిన నేరాన్ని అంగీకరిస్తూ, మండలి వారు దయతో ప్రసాదించిన క్షమాభిక్షను కృతజ్ఞతతో స్వీకరిస్తున్నాను.' కింద వేలు వేయడానికి గుండ్రటి గడి.

"టీచరువి కదా, ఈ క్షమాభిక్ష అన్న మాట ఎక్కడిదో చెప్పవే."

"పూర్వం ఉరిశిక్ష పడ్డవాణ్ణి రాజు వదిలేస్తే అనేవారమ్మా. ప్రాణం భిక్ష పెట్టినట్టు. రాజులు పోయాక పెద్ద పదవిలో ఉన్నవాళ్ళకి ఆ అధికారం వచ్చింది. జెండా పండగలకి మంచి నడవడి ఉన్న ఖైదీలను వదిలేవారు, దానికీ అదే మాట వాడేవారు."

"తప్పు చేయకుండానే లోపల పడ్డవాడికో?"

హిమజ నీళ్ళు తాగింది. "వాడికీ అదే ఇచ్చేవారు, ఒక్కోసారి."

"అంటే వాడూ జోలె పట్టుకుని నిలబడాలి."

"అమ్మా, మాట ఏదైతే ఏంటే? వేలు వెనక్కి వస్తుంది కదా! ప్రసూతి గదిలోకి ఒక్కరినే రానిస్తారు, వేలున్నవాళ్ళనే రానిస్తారు. తొలి పురుడు. నువ్వు లేకుండా నేను కనాలా?"

భర్త ఓడ పని మీద ఉన్నాడు, ఆరు నెలల దాకా రాడు. దానికి ఉన్నది నేనొక్కదాన్నే. కాగితం మడిచి చూరులో దోపాను. వెయ్యననలేదు, వేస్తాననీ అనలేదు. వేద్దామనే ఉంది. అబద్ధం రాయకూడదు కనుక రాస్తున్నాను.

రోజు 1,796. గేజి: ఏడడుగుల ఒకటి. గాలి: ఈశాన్యం. నీళ్ళ వంతు: ఓలేటి కవల పిల్లల తల్లి.

అబ్బులు బాబాయ్ వచ్చాడు. డెబ్బై దాటాయి, ఊపిరితిత్తులు పాడయ్యాయి. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. అరుగు మీద కూర్చుని చేతులు చూసుకున్నాడు.

"వేసేసానే అమ్మాయ్," అన్నాడు చివరికి.

"వేస్తే వేశావులే బాబాయ్."

"గాలి మిషను ఆస్పత్రిలోనే ఉందంట. బయట కూకుంటే లోపలికి రానివ్వలేదు. నాకు ఊపిరాడట్లేదే. ఈ ముసలాడు సిగ్గు లేనోడు అనుకుంటున్నావా?"

"నీ మొహం! ఊపిరాడనోడికి సిగ్గేంటి? ముందు ఆ టీ తాగు."

తాగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆయన మీద కోపం లేదు, అబద్ధం కాదు. ఊపిరికి అడ్డంగా కాగితం పెట్టినవాళ్ళ మీద ఉంది, అది చాలా ఉంది.

తర్వాత ఆ రోజు సంగతే వచ్చింది, మేమిద్దరం కలిస్తే వేరే సంగతి ఎందుకు వస్తుంది? తలుపులెత్తేముందు మూడు బూరలు ఊదాలని లస్కర్ల కట్టుబాటు. మొదటి బూరకి కాలవ కింద వాళ్ళు తలెత్తి చూస్తారు. రెండో బూరకి పిల్లల్నీ సామాన్నీ గట్టెక్కిస్తారు. మూడో బూరకి గొడ్లను విప్పుతారు. బూరకీ బూరకీ మధ్య పావుగంట. గొడ్లను ముందే విప్పితే బెదిరి పిల్లల మీద పడతాయని ఆ వరస. ఆ రోజు నేను రెండే ఊదాను. నీళ్ళు లంక గట్టు అంచుకి వచ్చేశాయి. బాబాయ్ "మూడోది ఊదవే, ఆగు" అంటూనే ఉన్నాడు. నేనే ఆగలేదు, చక్రం మీద పడిపోయాను.

విత్తన క్షేత్రంలో కూలి చేసే సత్తెమ్మ మూడో బూర కోసం చెవులు రిక్కించుకుని గట్టు మీద నిలబడింది. అది రాలేదు. ఆమె రెండు పాడి గేదెలూ పలుపులతో సహా కొట్టుకుపోయాయి.

శిక్ష పడకముందే నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె చేతులు పట్టుకుని "తప్పు నాదే తల్లీ, కాయి" అన్నాను. సత్తెమ్మ నన్ను నానా మాటలూ తిట్టింది. మా అమ్మనీ తిట్టింది, మా తాతనీ తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి "కూకో, అన్నం తిను" అంది. తిన్నాను. ఆ రోజు తిన్న మెతుకులు నాకు ఇప్పటికీ గుర్తే. మండలి తీర్పులో డెబ్బై పేజీలున్నాయి, మూడో బూర మాట ఒక్క చోట కూడా లేదు.

రోజు 1,797. గేజి: ఏడడుగుల ఏడు. గాలి: ఈశాన్యం, పెరిగింది. నీళ్ళ వంతు: మేదరి నూకాలు.

గేజి చూడ్డానికి వెళ్తే ఇప్పటి లస్కరు దుర్గారావు నన్ను గోడ చాటుకి పిలిచాడు. పిరికి మనిషి. పెళ్ళాం బిడ్డలున్నవాడు, తప్పు పట్టను.

"అక్కా, చక్రం దగ్గర దీపం చూసారా?"

చేతి చక్రానికి ఇనుప పిన్ను ఒకటి ఉంటుంది. పిన్ను పడితే చక్రం తిరగదు. దాని పైన చిన్న దీపం. ఐదేళ్ళుగా ఆకుపచ్చగా ఉండేది. ఇవాళ పసుప్పచ్చగా వెలుగుతోంది.

"ఎప్పట్నించి?"

"అబ్బులు గారు వేలేసిన రోజు నించండి. నాకు కాగితం వచ్చింది." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీరిద్దరూ తప్పు ఒప్పుకోలేదు కాబట్టి ఆ రోజు సంగతి ఇంకా తగువులోనే ఉన్నట్టంటండి. తగువులో ఉన్నదాన్ని గుమాస్తా పాఠంగా నేర్చుకోదు. అందుకే పిన్ను తీసే ఉంచారు, అలాంటి వరద మళ్ళీ వస్తే మనిషి చెయ్యేసుకోవచ్చని. ఇద్దరూ ఒప్పుకున్నారనుకోండి, తగువు తీరిపోద్ది. తలుపులెత్తడం నేరమని గుమాస్తా రాసేసుకుంటది. దీపం ఎర్రబడి పిన్ను పడిపోద్ది. ఇంక ఎవడి తరం కాదు తియ్యడం. ఈ లాకే కాదంట, నలభై లాకుల్లోనూ అంతేనంట."

నేను పిన్ను వంక చూస్తూ నిలబడిపోయాను. బొటనవేలంత ఉంది. సరిగ్గా నా బొటనవేలంత.

ఇదా సంగతి! నా మీద దయ ఎందుకు పుట్టిందా అని ఆరు రోజులుగా తల బద్దలుకొట్టుకుంటున్నాను. వాళ్ళకి కావలసింది నేను కాదు, నా ఒప్పుకోలు. గుమ్మడికాయల దొంగెవరంటే నా అంతట నేనే భుజాలు తడుముకోవాలి, అది చూసి యంత్రం నేర్చుకోవాలి.

ఇంటికొచ్చి చూరులోంచి కాగితం తీశాను. పొయ్యిలో పెడదామనుకుని ఆగాను. కాగితాన్ని తగలబెట్టడం తేలికే. హిమజకి చెప్పడమే ఎలాగో తెలియలేదు.

రోజు 1,801. గేజి: ఎనిమిదడుగుల పది. గాలి: ఈశాన్యం, ముసురు. నీళ్ళ వంతు: బడి ఆయా.

మండలి నుంచి క్షమాభిక్షల అధికారి వచ్చాడు. తూముల శ్రీహర్ష. ముప్పై ఐదేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచాడు. తడిక ఎటు నుంచి తియ్యాలో తెలియక తికమకపడితే నేనే తీశాను.

"మీరొక్కరే సరే అనకుండా మిగిలారండి," అన్నాడు.

"జాబితాలో మొదటిదాన్ని కదా, చివరిదాన్ని కూడా నేనే అవుతాను."

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి నిజాయితీగానే మాట్లాడాడు. ఆ సంవత్సరం విత్తనం పోయి మరుసటి ఏడు ఆరు జిల్లాల్లో నాట్లు పడలేదనీ, జనం గంజి తాగి బతికారనీ చెప్పాడు. "గుమాస్తా లెక్క తప్పు కాదండి. నలభై లాకుల దగ్గర నలభై మంది తలో రకంగా చక్రం తిప్పితే ఏ వ్యవస్థ నిలబడుతుంది?"

"లెక్క తప్పని నేననలేదు. ఆ గంజి నేనూ తాగాను. మరి ఆ లెక్కలో లంకల వాళ్ళను ఏ గడిలో వేశారు?"

తలదించుకున్నాడు. "నష్టం గడిలో."

"మనుషుల్నా?"

"...పరిమిత నష్టం."

"చూడు బాబూ, పంపు, పడవ, తడిక నాకు తెలిసినవి. నీ చదువు నాకు లేదు. కానీ క్షమించడమంటే నాకు తెలుసు. దెబ్బ తిన్నవాడు క్షమిస్తాడు, కొట్టినవాడు అడుగుతాడు. నేను మండలిని ఏం కొట్టాను? నాలుగు వేల మందిని ముంచబోయింది మీ తలుపు. అడగాల్సింది ఎవరు, పెట్టాల్సింది ఎవరు?"

"అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు కదండీ. కాలు కడుక్కునే అవకాశం ఇస్తున్నాం, అంతే అనుకోండి."

"అడుసు తొక్కకుండా లంక దాటినోణ్ణి ఒక్కణ్ణి చూపించు."

లేచాడు. పోతూ పోతూ, నాకు మంచి చేస్తున్నాననుకునే చెప్పాడు: మీ అమ్మాయి ప్రసూతి గది అనుమతిలో 'తోడు' గడి ఖాళీగా ఉందనీ, ఉత్సవం రోజు నేను వేలు వేస్తే తన చేత్తోనే అది నింపుతాననీ. మర్యాదగా గొంతు మీద కాలు పెట్టడమంటే ఇదే. గుమ్మం దాటేదాకా ఓపిక పట్టి, దాటాక మాత్రం మా తాత వాడే మాట ఒకటి గట్టిగానే అన్నాను. లాకు పుస్తకంలో రాయదగినది కాదు.

రోజు 1,804. గేజి: పదడుగుల మూడు. గాలి: తూర్పు, వాన. నీళ్ళ వంతు: పెమ్మాడి వారి కోడలు.

ఎగువన భద్రాచలం దగ్గర గోదారి పొంగిందట. సముద్రంలో వాయుగుండం పట్టింది. పై నుంచి వరద, కింద నుంచి పోటు. ఐదేళ్ళ కింద కూడా ఇంతే. పద్నాలుగు దాటితే లంక గట్టు తడుస్తుంది.

హిమజ వచ్చింది. పిన్ను సంగతీ, దీపం సంగతీ మొత్తం చెప్పాను. విని చాలాసేపు ఏడ్చింది.

"నాలుగు వేల మందికి నువ్వొక్కదానివే దొరికావా? నాకు అమ్మవి ఒక్కదానివే కదా!"

"ఒక్కదాన్నేనే."

"అయితే వచ్చి నా చెయ్యి పట్టుకో!"

దాని కడుపు మీద చెయ్యి వేశాను. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాని ముందే ఏడ్చాను.

"వేస్తే నువ్వు కన్నంతసేపూ నీ చెయ్యి పట్టుకుంటాను," అన్నాను. "కానీ ఆ చెయ్యి నీకు నచ్చదే. ఓలేటి కవలలకి అక్షరాలు నేర్పింది నువ్వే కదా. వరద తగ్గిన మర్నాడు వాళ్ళ పేర్లు హాజరు పట్టీలో ఎలా పిలుస్తావు?"

హిమజ నన్ను కోపంగా చూసింది. నా కూతురే, కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నేను పడవ దాకా వెంట నడిచాను. ఎక్కేటప్పుడు పడకుండా నా భుజం పట్టుకుంది.

రోజు 1,806. గేజి: పదకొండడుగుల ఎనిమిది. గాలి: తూర్పు, ఈదర. నీళ్ళ వంతు: వడ్రంగి గవర్రాజు.

మండలి ఉత్సవం. వానలోనే పందిరి వేశారు. విత్తన క్షేత్రం కూలీలను ముందు వరసల్లో కూర్చోబెట్టారు. వాళ్ళలో సత్తెమ్మ కనబడింది. వేదిక మీద గాజు పలక, దాని మీద వేళ్ళు వేస్తున్నారు. వేసిన ప్రతివాడికీ శాలువా కప్పుతున్నారు. ఒకాయన శాలువాతో సహా తలదించుకుని మెట్లు దిగుతుంటే చూడలేకపోయాను.

నా పేరు పిలిచారు. వెళ్ళాను. శ్రీహర్ష మైకు నా వైపు తిప్పాడు, కృతజ్ఞతలు చెబుతాననుకున్నాడు పాపం.

"నేనొక తప్పు చేశాను," అన్నాను. పందిరంతా చప్పట్లు. "మూడు బూరలు ఊదాల్సింది రెండే ఊదాను. దాని వల్ల ఇదిగో, ఈ సత్తెమ్మ గేదెలు పోయాయి. ఆ ముక్క కాగితంలో రాసి తెండి, పది వేళ్ళూ వేస్తాను. సత్తెమ్మా, నన్ను క్షమించావా లేదా?"

సత్తెమ్మ లేచి నిలబడింది. "ఆ రోజే అయిపోయింది కదే! అన్నం కూడా తినెళ్ళావు. ఇప్పుడీ శాలువాలేంటి మజ్జిలో?"

కూలీలు నవ్వారు. "ఇంక తలుపులెత్తడమంటారా," అన్నాను, "అది తప్పని నా చేత అనిపిస్తే రేపు మీ యంత్రం మనుషుల్ని ముంచడమే నేర్చుకుంటుంది. నేను దానికి ఆ పాఠం చెప్పను. భిక్ష అడుక్కున్నవాడికి వేయండి, నేను అడగలేదు."

మైకు ఆపేశారు. నా గొంతుకి మైకుతో పనిలేదు, గాలివానలో అవతలి ఒడ్డుకి కేకేసి బతికినదాన్ని. చివరి మాట మళ్ళీ చెప్పి దిగాను. పందిరి చివర హిమజ నిలబడి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. మిగతా రోజంతా నాకు అదే కళ్ళ ముందు మెదిలింది.

రోజు 1,809. గేజి: పొద్దున ఆరుకి పదమూడడుగుల రెండు, తొమ్మిదికి పదమూడు పది, పదికి పద్నాలుగు ఒకటి. గాలి: తుపాను. నీళ్ళ వంతు: ఎవరూ రాలేదు, రావద్దని నేనే చెప్పాను.

పొద్దున ఏడింటికి కబురు. హిమజకి నొప్పులు మొదలయ్యాయి, ఆస్పత్రిలో చేర్చారు. ఎనిమిదింటికి గుమాస్తా ఏడో లాకు తలుపులు దించింది. దోనె ఒకటే ఉంది. ఆస్పత్రి ఎగువకి, లాకు దిగువకి. ఆస్పత్రి దాకా పోయినా వాకిట్లో నిలబడడమేనని నాకు నేను చెప్పుకున్నాను. అయినా తెడ్డు పట్టుకుని కొంతసేపు ఎటూ తిప్పలేకపోయాను. తర్వాత దిగువకి తిప్పాను.

దుర్గారావు తడిసి ముద్దయి చక్రం పక్కనే నిలబడి ఉన్నాడు. దీపం పసుప్పచ్చగానే ఉంది. పిన్ను పడలేదు.

"అక్కా, ఎత్తేద్దామా?" అన్నాడు. ఆ పిరికివాడే అన్నాడు.

"ముందు బూర తియ్యి."

తొమ్మిదింబావుకి మొదటి బూర ఊదాను. గోడకున్న పెట్టెలోంచి గుమాస్తా "అనుమతి లేని చర్య, చక్రం వద్దకు వెళ్ళరాదు" అని మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకి రెండోది. పెట్టెలోకి శ్రీహర్ష గొంతు వచ్చింది. "వీరవేణి గారూ, దయచేసి ఆగండి. ఇది రెండో నేరమవుతుంది. ఇంకెప్పటికీ క్షమాభిక్ష ఉండదు."

"ఆగుతున్నాను బాబూ, సరిగ్గా పావుగంట ఆగుతాను. ఈలోపు మీ కూలీలను గట్టెక్కించు."

ఆ పావుగంట నా జీవితంలో అన్నిటికంటే పొడుగు. లంక గట్టు మీద నీళ్ళు నాకుతున్నాయి. అవతల ఆడవాళ్ళ కేకలు వినబడుతున్నాయి. దుర్గారావు చక్రం మీద చేతులు వేసి "అక్కా, ముంచేత్తంది, ఎత్తెయ్యండక్కా" అని ఏడుస్తున్నాడు. ఐదేళ్ళ కింద నేనూ ఇలాగే ఏడ్చి ఆగలేకపోయాను. వాడి చేతి మీద నా చెయ్యి వేసి పట్టుకున్నాను. కూతురి చెయ్యి పట్టుకోవాల్సిన వేళ దుర్గారావు చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

తొమ్మిదీ ముప్పావుకి మూడో బూర ఊదాను. ఊపిరంతా పెట్టి ఊదాను. కాలవ కింద నుంచి ఎవరో ఇత్తడి పళ్ళెం వాయించారు. గొడ్లు గట్టెక్కాయని గుర్తు. గట్టు మీద సత్తెమ్మ చీర కనబడింది, ముందు రెండు గేదెలు.

అప్పుడు తిప్పాం. తొంభై రెండు చుట్లు. పదిన్నరకల్లా తలుపులు పూర్తిగా లేచాయి. పన్నెండింటికి గేజి: పన్నెండడుగుల తొమ్మిది.

లంకల్లో ఒక్క ప్రాణం పోలేదు. కాలవ కింద ఒక్క దూడ పోలేదు. విత్తనం పోయింది. అది నష్టమే, చిన్నది కూడా కాదు, ఇక్కడ రాసే పెడుతున్నాను.

రోజు 1,818. గేజి: ఏడడుగుల నాలుగు. గాలి: లేదు. నీళ్ళ వంతు: పేరు ఇంకా పెట్టలేదు.

పొద్దున్నే పడవ చప్పుడైతే వంతు మనిషనుకుని బిందెలు బయట పెట్టాను. దిగింది హిమజ, చంకలో గుడ్డల మూట. వెనక అబ్బులు బాబాయ్.

"తోడు గడిలో నా పేరు రాయించానే," అన్నాడు ఆయాసపడుతూ. "గాలి మిషను మూతికి పెట్టుకునే లోపల నిలబడ్డాను. నర్సమ్మ తిట్టింది, ముసలాడివి నీకేం పనంది. ఆడకూతురు అరుత్తుంటే కళ్ళు మూసుకుని చెయ్యి మటుకు ఇచ్చాను. చూడు, ఎలా గిచ్చిందో." చూపించాడు. మణికట్టు మీద గోళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి.

నేను హిమజ వైపు చూడ్డానికి భయపడ్డాను. అది నా పక్కన కూర్చుంది.

"తొమ్మిదీ ముప్పావుకి పుట్టిందమ్మా," అంది. "కోపం ఇంకా పోలేదు. పోయినప్పుడు చెప్తాను."

"తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు."

"తర్వాత తిడతా. ముందు నీళ్ళు పట్టనీ."

మూట విప్పి ఆ బుల్లి చెయ్యి కొళాయి దగ్గరికి తెచ్చింది. పుట్టిన రోజే ఆస్పత్రిలో వేలిముద్ర తీసుకుంటారు కదా. చింతగింజంత వేలు ఆనించగానే కొళాయి బుస్సుమని మొదలైంది. నీళ్ళు మొహాన చిట్లి నా మనవరాలు కెవ్వుమంది. బాబాయ్ నవ్వలేక దగ్గాడు. రెండు బిందెలూ నిండేదాకా నేను దాన్ని ఎత్తుకునే నిలబడ్డాను.

బాబాయ్ పుస్తకం అడిగాడు. తాను వేలేసిన రోజు పంక్తి కింద ఎర్ర సిరాతో రాశాడు: 'నేను వేసిన వేలు ఊపిరి కోసం. ఒప్పుకోలు కాదు. చింతా అబ్బులు.' పాత పంక్తిని కొట్టెయ్యలేదు.

మధ్యాహ్నం శ్రీహర్ష కొత్త అభియోగం తెచ్చాడు. ఈసారి కూడా చెప్పులు బయటే విడిచాడు. దుర్గారావు పేరు ఉందేమోనని ముందు అది వెతికాను. లేదు. "పెట్టెలో మీ గొంతొక్కటే రికార్డయింది," అన్నాడు ఎటో చూస్తూ. కింది గడిలో 'నేరం ఒప్పుకుంటున్నారా' అని ఉంది, పక్కన గుండ్రటి చోటు.

"వేలు వేస్తే పదేళ్ళ తర్వాతైనా క్షమాభిక్షకి అర్హత ఉంటుంది," అన్నాడు. "వెయ్యకపోతే..."

"దీపం ఏ రంగులో ఉంది?"

చెప్పాడు. "పసుప్పచ్చ."

కలం తీసుకున్నాను. వేలు వేయాల్సిన గుండ్రటి చోట్లో పట్టేలా చిన్న అక్షరాలతో రాసిచ్చాను: 'ఈసారి మూడూ ఊదాను.'